అమ్మాయిని బడి మార్చాలా?

మా అమ్మాయి ఆమదాలవలస సమీపంలోని మా ఊరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. వేసవి సెలవుల్లో తెలుగు వాచకం ఇచ్చి చదవమంటే, ఒత్తు ఉన్న ప్రతి మాట దగ్గరా ఆగి నా ముఖం వైపు చూసింది. ఆ చూపు నన్ను ఇంకా వదలలేదు.

ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనుల్లో బడికి మరుగుదొడ్లు, రంగులు, కొత్త బల్లలు వచ్చాయి. లోటు మనుషులది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అంటే ఐదు తరగతులకు ఇద్దరే. ఒకరు శిక్షణకు వెళ్లిన రోజున, రెండోవారే ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, ఐదో తరగతికి భాగహారాలు చెబుతూ, మధ్యాహ్న భోజనం లెక్కలు కూడా చూసుకోవాలి. ఆ మాస్టారిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

అదే చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకు ఇవ్వమంటుంది గాని, అవి ఒకటో తరగతిలాంటి ప్రవేశ తరగతికే; మాకు దారి లేదు. శ్రీకాకుళం బడిలో చేర్పిస్తే ఫీజు కట్టాలి, పిల్ల ఉదయం ఏడుకే బస్సెక్కాలి. పైగా మాలాంటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే ఇక్కడ పిల్లలు తగ్గి, ఉన్న పోస్టు కూడా పోతుందేమోనన్న భయం నిజమైనదే.

సంక్రాంతి వరకు రోజూ సాయంత్రం గంటసేపు నేనే చదివిస్తాను. తల్లిదండ్రుల కమిటీ తరఫున అదనపు ఉపాధ్యాయుని కోసం మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెడతాను. అప్పటికీ ఆమె చదువు కుదుటపడకపోతే, ఐదో తరగతికి బడి మారుస్తాము.