ఇరకం దీవి చూపించిన అన్న

తిరుపతిలో ఎవర్నైనా ఆపి మన జిల్లాలో దీవి ఉందా అని అడగండి. చాలామంది లేదనే అంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్ళూరుపేట, తడ మండలాలు నెల్లూరు నుంచి మనకొచ్చాయి. వాటితోపాటే పులికాట్ సరస్సులో మన రాష్ట్రం వైపున్న భాగం, అందులోని ఇరకం దీవి కూడా మనవయ్యాయి. నేను ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్ అని ఏటా బోర్డు మీద రాస్తాను. ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం కూడా లేని ఆ సరస్సును సరిగ్గా చూసింది మాత్రం మొన్న సంక్రాంతి సెలవుల్లోనే.

సరిగ్గా అని ఎందుకంటున్నానంటే, మూడేళ్ళ కిందట ఒకసారి పోయాం. ఎవరో ఏజెంటు దీవి ప్యాకేజీ అన్నాడు. మనిషికింత అని కట్టించుకుని, పది మంది పట్టే బోటులో పద్దెనిమిది మందిని ఎక్కించాడు. లైఫ్ జాకెట్లు ఆరో ఏడో ఉన్నాయి. స్పీకర్లో పాటలు పెట్టి, అరగంట తిప్పి, గడ్డి మొలిచిన ఒక మట్టి దిబ్బ చూపించి అదే దీవి అని వెనక్కి తెచ్చేశాడు. ఆ శబ్దానికి పక్షులు దూరంగా లేచిపోతుంటే మా అబ్బాయి ఫోన్‌లో జూమ్ చేసి చూశాడు. తెల్ల చుక్కలు, అంతే. డబ్బు పోయిందన్న బాధ కన్నా, సరస్సు మీద ఇష్టంతో పోయినవాళ్ళం దానికే కీడు చేసి వచ్చామన్న బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఈసారి ఏజెంట్ల జోలికి పోలేదు. తడ దగ్గర పనిచేసే మా తోటి టీచరును అడిగితే, వాళ్ళ స్కూల్లో చదివే పిల్ల తండ్రి నంబరు ఇచ్చింది. ఆయన మత్స్యకారుడు. సొంత ఫైబర్ పడవ ఉంది. వేట లేని రోజుల్లో ఎవరైనా అడిగితే సరస్సు చూపిస్తాడు. పేరు రాయొద్దక్కా అన్నాడు కాబట్టి అన్న అనే రాస్తున్నాను. నాకన్నా చిన్నవాడే. మా అబ్బాయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నా అన్నా అని పిలిచేసరికి మా ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది.

ఫోన్‌లోనే తెలిసిపోయింది ఈ మనిషి వేరని. నేను వేసుకున్న ప్లాను చెప్పాను: పొద్దున నేలపట్టు పక్షుల కేంద్రం, మధ్యాహ్నం సరస్సు మధ్యగా శ్రీహరికోట పోయే అటకానితిప్ప రోడ్డు, మూడింటికి తడ దగ్గర బీవీపాళెం రేవులో పడవ. మొత్తం విని, నెమ్మదిగా అన్నాడు.

"మూడింటికి వద్దక్కా. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి తిరుగుతుంది, నీళ్ళు లేస్తాయి. పెద్దామె వస్తాదంటున్నారు కదా. పొద్దున ఏడుకంతా పడవ ఎక్కేద్దాం, రెండుకంతా ఒడ్డుకొచ్చేద్దాం. సాయంత్రం ఎండ తగ్గినాక రోడ్డు మీద పక్షులు చూద్దాం. నేలపట్టు ఇంకో రోజు పెట్టుకోండి."

నేలపట్టు వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఐదారేళ్ళ కిందట పిల్లల్ని తీసుకుని పోయినప్పుడు చూశాను. చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు, ఒక్కో కొమ్మ మీద నాలుగైదు. వాటి రెట్టలు కలిసిన నీళ్ళు పొలానికి పారితే ఎరువు అక్కర్లేదని అక్కడి రైతులు చెప్తారు. ఆ ఊళ్ళో వాటిని దేవతా పక్షులంటారు. అయినా అన్న మాటే విన్నాను. విన్నందుకే ఆ రోజు అంత బాగా గడిచింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. నేను, మావారు, ఇంటర్ చదివే మా అబ్బాయి, మా అత్తమ్మ. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు, పుట్టిల్లు చంద్రగిరి, జీవితంలో పడవ ఎక్కలేదు. డబ్బాల్లో చిత్రాన్నం, పెరుగన్నం. శ్రీకాళహస్తిలో టీ తాగి, వరదయ్యపాళెం మీదుగా తడ చేరేసరికి ఆరున్నర దాటింది. బీవీపాళెం రేవు దగ్గర లుంగీ పైకి కట్టి, మోకాలి లోతు నీళ్ళలో పడవ పట్టుకుని నిలబడి ఉన్నాడు అన్న. పడవలో ఐదు లైఫ్ జాకెట్లు, మా నలుగురికీ ఆయనకీ. ఆయనది ఆయన ముందు వేసుకుని చూపించి, తర్వాత అత్తమ్మ దగ్గరికొచ్చి "పెద్దమ్మా, నా భుజం పట్టుకో, కాలు ఇక్కడ పెట్టు" అని తన తొడ మీద తట్టి చూపించాడు. ఆమె మొహమాటపడుతూనే అడుగేసి ఎక్కింది.

పులికాట్ చాలాచోట్ల మనిషి నిలబడితే నడుము దాటనంత లోతే. ఇంజన్ ఫ్యాను బురదకు తగలకుండా పోవడమే పెద్ద పని అని నాకక్కడ అర్థమైంది. అన్న చేతిలో ఒక వెదురు గడ. కొంచెం దూరం పోగానే ఇంజన్ ఆపి, గడను నీళ్ళలోకి దించి పైకి తీస్తాడు. తడిసిన మేర చూస్తాడు, చివర అంటిన మట్టిని బొటనవేలితో నలుపుతాడు. మెత్తటి నల్ల బురదైతే ఒకవైపు, గరగరలాడే ఇసకైతే ఇంకోవైపు తిప్పుతాడు. ఎందుకన్నా అని మా అబ్బాయి అడిగితే ఆ గడను వాడి చేతికే ఇచ్చాడు. తర్వాత గంటసేపు వాడు ఫోన్ ముట్టుకోలేదు.

దారిలో నీళ్ళు అరచేతిలోకి తీసుకుని నాలుకకు రాసుకున్నాడు అన్న. మమ్మల్నీ రాసుకోమన్నాడు. ఉప్పగా ఉంది కానీ సముద్రమంత కాదు. కార్తీకంలో పడ్డ వానలకు కాళంగి నీళ్ళు, వాగుల నీళ్ళు వచ్చి కలిశాయని, ఎండాకాలం వచ్చేకొద్దీ ఉప్పు పెరుగుతుందని, ఉత్తరం వైపు సరస్సు ఎండి నెర్రెలిస్తుందని చెప్పాడు. అక్కణ్ణుంచి మాట రాయదొరువు మీదికి పోయింది. సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల్లో అదొకటి. ఇసక మేట వేసి పూడిపోతా ఉంటుంది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆ ద్వారం గుండా సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. దారి మూసుకుంటే రొయ్య లేదు, పీత లేదు, వీళ్ళకు వేట లేదు.

"పూడిక తియ్యమని మా నాయన కాలం నుంచి అడగతానే ఉండాం అక్కా" అన్నాడు. బాధగా కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. నాకైతే గొంతులో ఏదో అడ్డుపడింది. ముఖద్వారం అనే మాటను ఎన్నిసార్లు పిల్లలచేత బట్టీ పట్టించానో. ఒక ఇంటి పొయ్యి దాని మీద ఆధారపడి ఉంటుందని ఒక్కసారైనా చెప్పానా అనిపించింది.

ఇంకోచోట "అదిగో ఆ కుప్పంలో మా మేనత్త ఉంటాది" అన్నాడు. చిత్తూరు వాళ్ళకు కుప్పం అంటే కర్ణాటక పక్కనున్న ఊరే గుర్తొస్తుంది. సరస్సు మీద కుప్పం అంటే మత్స్యకారుల పల్లె, తిప్ప అంటే నీళ్ళలో లేచిన మెట్ట. అటకానితిప్ప పేరులో ఉన్నది ఆ తిప్పేనని అప్పుడు తట్టింది.

ఇరకం చేరాక ఏదో వింత కనపడుతుందని ఎదురుచూడకండి. ఇసక దారులు, తాటిచెట్లు, ఆరేసిన వలలు, బడి, ఇళ్ళ ముందు పడుకున్న మేకలు. జనం మాట్లాడేది ఎక్కువగా తమిళమే, మాతో తెలుగులో మాట్లాడారు. సరుకులకైనా ఆస్పత్రికైనా పడవ ఎక్కాల్సిందే. చాలామంది తమిళనాడు వైపు ఆరంబాకం పోతారట. ఒక గర్భిణిని రాత్రిపూట పడవలో తీసుకుపోయిన కథ ఆ దీవిలోనే ఉండే అన్న వాళ్ళ వదిన చెప్పింది. ఆ పిల్లవాడు ఇప్పుడు రెండో తరగతి, మా ముందే గోలీలాడుతున్నాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక దొరువు. ఇసకలో నాలుగడుగుల లోతున తవ్విన గుంట, చుట్టూ తాటిపట్టెలు గుచ్చారు. అడుగున రెండు మూడు బిందెలకు సరిపడా నీళ్ళు. అన్న చెంబు ముంచి ఇచ్చాడు. తియ్యటి నీళ్ళు! సరస్సు ఒడ్డు అక్కడికి యాభై గజాలు ఉండదు. ఆ ఇసకలో ఏం జరుగుతుందో నాకు తెలుసు: వాన నీళ్ళు ఉప్పు నీళ్ళకన్నా తేలిక, అందుకే ఇసకలోకి ఇంకినా కింది ఉప్పు నీళ్ళ మీద తేలి ఉంటాయి. పైపైన తోడుకుంటే తియ్యగా వస్తాయి. ఆశపడి లోతుగా తవ్వితేనో, మోటారు పెట్టి లాగితేనో కిందున్న ఉప్పు పైకొస్తుంది. ఇదంతా మా అబ్బాయికి చెప్పబోతుంటే, పక్కనున్న ముసలావిడ "సాయంత్రానికి ఊరుతాయి, రేపటికి మళ్ళా తోడుకుంటాం, తొందరపడకూడదు" అని ఒక్క ముక్కలో చెప్పేసింది.

వదిన వాళ్ళింట్లో పీతల పులుసు చేసి పెట్టారు. మా చిత్రాన్నం వాళ్ళ పిల్లలు తిన్నారు. తూర్పు ఒడ్డుకు నడిస్తే నీళ్ళకవతల శ్రీహరికోట అడవి నల్లటి గీతలా కనపడింది. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ తేదీలు నాకు కంఠస్థం. రాకెట్ లేచినప్పుడు ఇంటి రేకులు అదురుతాయని, కోళ్ళు గంపకింద దూరతాయని ఇక్కడి పిల్లలకు కంఠస్థం.

ఒంటిగంట దాటగానే అన్న లేపేశాడు. ఆయన చెప్పినట్టే వచ్చేదారిలో గాలి మొదలైంది, అలలు పడవ అంచును కొడుతున్నాయి. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండుకి ఒడ్డున ఉన్నాం. మూడింటికి బయల్దేరి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్.

నాలుగున్నరకు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద కారు ఆపించాడు. రెండువైపులా సరస్సే. హారన్ కొట్టొద్దు, తలుపులు ధన్‌మని వెయ్యొద్దు, గట్టు దిగొద్దు అని ముందే చెప్పాడు. వాటంతట అవి దగ్గరికొస్తాయి, మనం పోకూడదన్నాడు. నిలబడ్డాం. పావుగంటకు ఒక ఫ్లెమింగోల గుంపు మేస్తూ మేస్తూ మా వైపే వచ్చింది. పూనారై అంటారక్కా తమిళంలో, పువ్వు కొంగ, అని అన్న గొంతు తగ్గించి చెప్పాడు. పొడుగు మెడ కిందికి వంచి, ముక్కును తలకిందులు చేసి నీళ్ళలో పెట్టి, కాళ్ళతో బురద తొక్కుతూ గుండ్రంగా తిరుగుతాయి. వంచిన ముక్కులోకి నీళ్ళు పోతాయి, నాచూ పురుగులూ లోపల నిలిచి నీళ్ళు పక్కలనుంచి బయటికొస్తాయి, జల్లెడ పట్టినట్టు. ఆ తిండిలోనిదే ఒంటి గులాబీ రంగు. గుంపు మధ్యలో బూడిద రంగువి కొన్ని ఉన్నాయి. అవి పిల్లలు, రంగు రావడానికి ఇంకా రెండు మూడేళ్ళు పడుతుంది. పక్కనుంచి ఎండ పడుతుంటే ఒకటి రెక్క విప్పింది. లోపలంతా ఎర్ర మందారం. అత్తమ్మ రెండు చేతులూ జోడించింది.

డబ్బు సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఈ ప్రయాణం గురించి విని మెసేజ్ పెట్టినవాళ్ళందరూ మొదట అడిగింది అదే. పడవకు, డీజిల్‌కు, రోజంతా తనకు కలిపి 3,500 అడిగాడు. నేను బేరం ఆడలేదు. వేటకు పోతే ఒక రోజు మూడు వేలు వస్తాయి, ఒక రోజు వల ఖాళీగా వస్తుంది, అని ఆయనే చెప్పాడు. మనం ఒక మనిషి రోజును తీసుకుంటున్నాం. దాంతోపాటు వాళ్ళ నాయన, తాత నేర్పిన గాలి లెక్క, బురద లెక్క, ఉప్పు లెక్క కూడా మనకోసం ఆ రోజు పనిచేస్తాయి. గుడి దగ్గర చెప్పులు కాపలా కాసే పిల్లాడితో పది రూపాయల దగ్గర బేరమాడే మన అలవాటును సరస్సు దాకా మోసుకుపోకండి, దయచేసి. లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కకండి. పక్షుల దగ్గరికి తోలమని ఎవర్నీ బలవంతపెట్టకండి. పాటలు పెట్టేవాడైతే దిగిపోండి.

పక్షులు మార్చి దాకా ఉంటాయి కాబట్టి వెళ్ళేలోపు నేలపట్టు చూడాలని నిన్న అన్నకు ఫోన్ చేశాను. ఏ ఆదివారం ఖాళీ అని అడిగితే, "రాకెట్ ఎప్పుడుందో కనుక్కుని చెప్తానక్కా. ఆ రోజు మమ్మల్ని సముద్రంలోకి పోనీరు, నాకు పనుండదు. పెద్దమ్మను కూడా తీసుకురండి, ఒడ్డున నిలబడి చూద్దాం" అన్నాడు. అత్తమ్మ ఆ మాట విన్నప్పట్నుంచి రోజూ పేపర్లో రాకెట్ వార్త వెతుకుతోంది.