బ్యాటరీలు అయిపోయాయా?

2001 నవంబరులో నేను న్యూజెర్సీలో దిగేసరికి మా గెస్ట్‌హౌస్‌లో సగం మంది బెంచ్ మీదున్నారు. నాకు ఎలాగో ప్రాజెక్టు దొరికింది, కాకపోతే నైట్ షిఫ్టు. సర్వర్ రూములో బ్యాకప్ టేపులు మార్చుకుంటూ కూర్చోవడం, ఎర్ర లైటు వెలిగితే ఎవరినో ఒకరిని ఫోన్ చేసి నిద్రలేపడం. కారు లేదు కాబట్టి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పేటలో పుట్టి పెరిగిన ఒకాయన రోజూ దారిలో ఎక్కించుకునేవాడు. ఆయనది రాపర్ జే-జీ పార్టీ. నా పక్క సీటువాడిది న్యూయార్క్‌లోనే ఇంకో పేట క్వీన్స్, వాడిది ఇంకో రాపర్ నాస్ పార్టీ.

ఆ చలికాలమంతా అదే గొడవ. సెప్టెంబరు 11న, టవర్లు కూలిన రోజునే, జే-జీ ఆల్బం ‘ద బ్లూప్రింట్’ విడుదలైంది. అందులో నాస్‌ని పేరు పెట్టి మరీ ఏకిపారేశాడు. డిసెంబరుకల్లా నాస్ ‘ఈథర్’ పాటతో తిరగబడ్డాడు. దానికి జే-జీ ఇంకా దిగజారి ఇంకోటి వదిలాడు. హాట్ 97 రేడియో వాళ్లు శ్రోతలతో ఓట్లేయిస్తే గెలిచింది నాస్. పైగా జే-జీ వాళ్లమ్మ ఆ పాట విని కొడుక్కి క్లాసు పీకిందట, పాపం రేడియోలోనే సారీ చెప్పాడు. ఆ మర్నాడు మా బ్రూక్లిన్ ఆయన కారులో పాటలు పెట్టలేదు. దారంతా ట్రాఫిక్ వార్తలే విన్నాం.

నాకు ఇదేం కొత్త కాదు. ఆ ఏడు సంక్రాంతికే చిరంజీవి, బాలకృష్ణ సినిమాలు ఒకే రోజు వచ్చి మా ఊళ్లో అన్నదమ్ములే మాట్లాడుకోవడం మానేశారు. కాకపోతే ఇక్కడి గొడవలో ఊరు కూడా ఉంది. ఒకరోజు తెల్లారుజామున మూడింటికి క్వీన్స్‌వాడు ప్రింటర్ కాగితం మీద నది గీసి, వంతెన గీసి, దాని పక్కన నాస్ పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ ప్రభుత్వ క్వార్టర్లు చూపించాడు. జే-జీ పెరిగిన మార్సీ కూడా అలాంటి క్వార్టర్లే. రెండింటికీ మధ్య ఆరేడు కిలోమీటర్లు, మా ఊరి నుంచి మండలాఫీసుకున్నంత దూరం! అంతకుముందు 1986-87లో ఇదే క్వీన్స్‌బ్రిడ్జ్‌వాళ్లకీ ఇంకో పేట బ్రాంక్స్‌వాళ్లకీ ఈ రాప్ పాటల హిప్-హాప్ ఎక్కడ పుట్టిందన్న దాని మీద పాటల యుద్ధం జరిగిందట.

మాటలు చెవికి అలవాటు పడ్డాక నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది. నాస్ కిటికీలోంచి వీధిని చూసి చెప్తాడు. 1994లో మొదటి ఆల్బం వచ్చేటప్పటికి ఇరవై ఏళ్లవాడు, అందులో ఒక్క పాట కూడా తీసేయడానికి లేదు. జే-జీ ఆ వీధిలో బేరం చేస్తున్నవాడిలా మాట్లాడతాడు. కాగితం మీద రాసుకోడు, అంతా బుర్రలోనే కట్టుకుంటాడు. మన అవధానుల ధారణ తెలిసినవాణ్ణి, నాకు దాని మీదే మోజు. అయినా ఓటు నాస్‌కే. ఈ ముక్క కారులో ఎప్పుడూ అనలేదు, లిఫ్టు పోతుందని భయం.

కాలిఫోర్నియా పాటలు మాత్రం ఆ కారులో బంద్. 1997 మార్చిలో వాళ్ల బ్రూక్లిన్ రాపర్ బిగ్గీని లాస్ ఏంజెలెస్‌లో కాల్చి చంపారు, ఆ కోపం ఇంకా పోలేదు. అవతలి కాలిఫోర్నియా పక్షం రాపర్ టూపాక్ పుట్టింది న్యూయార్క్‌లోనే కదా అని క్వీన్స్‌వాడు గిల్లేవాడు.

ఫిబ్రవరిలో కేబుల్ పనికి దక్షిణాది హ్యూస్టన్ నుంచి ఒకతను వచ్చాడు. సాగదీసి మాట్లాడేవాడు. అతను నోరు తెరిస్తే చాలు, అంతవరకూ కొట్టుకుంటున్న ఇద్దరూ ఏకమై నవ్వేవాళ్లు. నేను శ్రీకాకుళం నుంచి అమీర్‌పేటకి కోచింగ్‌కొచ్చిన కొత్తల్లో ‘ఏటి?’ అన్నందుకు క్లాసంతా నవ్విన నవ్వే అది. అతను పట్టించుకోలేదు. 1995లో న్యూయార్క్‌లో అవార్డు తీసుకుంటున్న అట్లాంటా రాపర్ల జంట అవుట్‌కాస్ట్‌ని జనం గేలి చేస్తే, దక్షిణాదికీ చెప్పాల్సింది ఉందని వాళ్లలో ఒకడు ఆండ్రే స్టేజీ మీదే అన్నాడని మాత్రం చెప్పాడు.

వెళ్లేముందు నాకొక క్యాసెట్టు ఇచ్చాడు. హ్యూస్టన్‌లో డీజే స్క్రూ అని ఉండేవాడు, 2000లో చనిపోయాడు. పాటల స్పీడు బాగా తగ్గించి టేపులు చేసేవాడు. గెస్ట్‌హౌస్‌లో పెట్టుకుని విన్నాను. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, కానీ మొదటిసారి ప్రతి మాటా దేనికది విడివిడిగా వినపడింది.

వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్న రూమ్మేటు గరిటెతో సహా వచ్చాడు. “ఒరే, బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి, చూడు.”