స్వర్ణ గింజ మిగలకూడదు

ఈరోజు కడిగింది ఒకే ఒక్క బండి. ఉదయం ఏడున్నరకు షెడ్డులోకి వచ్చిన వరికోత మిషను సాయంత్రం నాలుగు దాటాక గానీ బయటకు వెళ్ళలేదు. మామూలుగా అయితే ఆ సమయంలో పది బైకులు, నాలుగు కార్లు, ఒక ట్రాక్టరు అయిపోయేవి. అయినా ఈ నెలలో ఇంత తృప్తిగా ఇంటికి వచ్చిన రోజు ఇంకొకటి లేదు. భుజాలు లాగేస్తున్నా కూర్చుని రాసుకుంటున్నాను.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రోడ్డు పక్కన మా షెడ్డు. డిసెంబరు వచ్చిందంటే ఇటువైపు కోతలే కోతలు. సేలం వైపు నుంచి వచ్చిన చైన్ మిషను ఇది. రెండు వారాలుగా కృష్ణా జిల్లాలో స్వర్ణ రకం వరి కోసి, నిన్న రాత్రి లారీ మీద ఇక్కడికి చేరింది. దాని వెనకే బైకు మీద ఒక పెద్దాయన వచ్చారు. రేపు కోయబోయేది ఆయన చేనే. నాలుగెకరాల్లో సాంబ మసూరి, అదీ విత్తనం కోసం వేశారు.

"అబ్బాయ్, పైన మెరవకపోయినా ఫరవాలేదు. లోపల మాత్రం ఒక్క స్వర్ణ గింజ ఉండకూడదు. పక్క చేనుకు మూడు మీటర్ల ఎడం వదిలి వేశాను. రెండుసార్లు కూలీలను పెట్టి కేళీలు, అంటే చేలో కలిసిన వేరే రకం మొక్కలు, ఏరించాను. తీరా కోత దగ్గర కల్తీ అయితే ఆ కష్టం ఎవరితో చెప్పుకోను?" అన్నారు.

మా యజమాని నన్ను పక్కకు పిలిచి, బయట బండ్లు వరుసలో ఉన్నాయి, నీళ్ళు కొట్టి పంపించెయ్యి అన్నారు. ఆయన తొందర ఆయనది, కాదనను. కానీ విత్తనంలో కలిసిన ఒక్క గింజ వచ్చే ఏడు ఒక దుబ్బు అవుతుంది. ఆ దుబ్బుకు వందల గింజలు. "సాయంత్రం దాకా పడుతుందండీ, ఆ పెద్దాయన దగ్గర దానికి తగ్గట్టే తీసుకోండి" అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు.

కోత మిషను దగ్గర మొదట నీళ్ళు పట్టుకున్నారంటే పని చెడిపోయినట్టే. లోపలి ఊక, నూగు, దుమ్ము తడిసి ముద్దయి మూలల్లో అతుక్కుపోతాయి, గింజలు వాటిలో ఇరుక్కుంటాయి. అందుకని ముందు కంప్రెసర్ గాలి. పైనుంచి కిందికి, లోపలి నుంచి బయటికి. ధాన్యం ట్యాంకు మూలలు, నూర్చే డ్రమ్ము, జల్లెడలు, గింజను పైకి మోసే ఎలివేటరు, ఒక్కొక్కటి మూత తీసి ఊదాను. ముక్కుకూ మూతికీ తువ్వాలు కట్టుకున్నా వరి నూగు మెడలో దిగింది. ఇది రాస్తున్నప్పుడు కూడా దురద తగ్గలేదు.

ఎలివేటరు అడుగు మూత విప్పగానే చేతినిండా మెత్తటి ముద్ద వచ్చింది. మొన్నటి వానకు తడిసిన గింజలు అక్కడే మొలకెత్తాయి. తెల్లటి వేళ్ళు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. పైన సూదిమొనంత పాలిపోయిన మొలక. ఆ ఇనుప గొట్టం చీకట్లో, నూనె మరకల మధ్య, మట్టి అన్నదే లేకుండా మొలిచాయి. పెద్దాయనకు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. "ఇవన్నీ రేపు నా గింజల్లో ఉండేవి" అని మాత్రం అన్నారు. చెయ్యి కడుక్కోబోతే ఆపి, ఆ ముద్దను ఒక కాగితంలో తీసుకున్నారు.

ఇంకొకటి కూడా కనిపించింది. సైలెన్సరు వెనక సందులో గడ్డి పేరుకుపోయి, అంచులు మాడి గోధుమ రంగుకు తిరిగాయి. వేలితో నలిపితే పొడి అయింది. డ్రైవరును పిలిచి చూపిస్తే అతని ముఖం పాలిపోయింది. పొలం మధ్యలో మిషన్లు తగలబడిపోవడం అతను చూసినవాడే. పొద్దుటి నుంచి తొందర పెట్టిన మనిషి ఆ తరువాత తనే స్పానరు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆపరేటరు సీటులో కూర్చున్నవాడికి కనిపించని చోట్లు బండిలో చాలా ఉంటాయి. కడిగేవాడు పడుకుని, పాకి, చెయ్యి దూర్చి చూస్తాడు. నాకు ఈ పని మీద గౌరవం కలిగింది అక్కడే.

మధ్యాహ్నం తరువాత నీళ్ళు. ఫ్యూజు డబ్బాకు, ఆల్టర్నేటరుకు పాలిథిన్ కట్టాము. ఎయిర్ ఫిల్టరు జోలికి నీళ్ళు పోకుండా చూశాను. చైన్ల మధ్య గట్టిపడిన నల్లరేగడి గంటసేపు నానితే గానీ కదలలేదు. రేడియేటరుకు మాత్రం గన్ను దూరంగా పట్టి, నిటారుగా, మెల్లగా కొట్టాను. ఈ పనిలో చేరిన కొత్తలో ఒక ట్రాక్టరు రేడియేటరుకు దగ్గర నుంచి ఏటవాలుగా కొట్టి, దాని సన్నటి రేకులు వంచేశాను. దుక్కి మధ్యలో ఇంజను వేడెక్కి ఆగిపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకు ఇంకా గుర్తుంది. ఈరోజుకీ రేడియేటరు దగ్గరకు రాగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

నీళ్ళయ్యాక మళ్ళీ గాలి, తరువాత బేరింగులకు గ్రీజు. నీటి ఒత్తిడికి గ్రీజు కొట్టుకుపోతుంది కాబట్టి, గ్రీజు పెట్టకుండా పంపితే కడిగిన చేత్తోనే బండిని పాడు చేసినట్టు అవుతుంది.

చివరికి కింద పట్టా పరిచి మిషనును ఖాళీగా తిప్పించాము. మొదటిసారి గుప్పెడు గింజలు రాలాయి. మళ్ళీ మూతలు విప్పి ఊదాము. రెండోసారి తొమ్మిది. పెద్దాయన వాటిని అరచేతిలో పోసుకుని, జేబులోంచి తన చేని గింజలు నాలుగు తీసి పక్కన పెట్టారు. స్వర్ణ కాస్త లావుగా, ఎర్రగా ఉంది. సాంబ మసూరి సన్నగా, చిన్నగా, లేత పసుపులో ఉంది. 1986లో బాపట్లలో విడుదలైన వంగడం, నా కన్నా వయసులో పెద్దది. చిన్నప్పటి నుంచి నేను తిన్న అన్నం అదే. ఆ రెండు గింజలనూ పక్కపక్కన పెట్టి ఇంత దగ్గరగా చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

మూడోసారి తిప్పితే ఏమీ రాలలేదు. పట్టాను నలుగురమూ నాలుగు మూలలా పట్టుకుని దులిపి చూశాము. నూగు తప్ప ఏమీ లేదు.

వెళ్ళేటప్పుడు పెద్దాయన నా చేతిలో డబ్బు పెట్టబోతే, యజమానికి ఇవ్వండి బాబాయ్ గారూ అన్నాను. ఆయనకు ఇచ్చాను, ఇది నీకు అని జేబులో పెట్టి వెళ్ళారు. రేపు ఎన్ని గంటలకు కోత మొదలుపెడతారని అడిగాను. మంచు ఆరాక అన్నారు.

కాలివేళ్ళ సందులు నాని పాసిపోయాయి. ఇప్పుడే కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకున్నాను. రేపు పొద్దున్నే రెండు టిప్పర్లు ఉన్నాయి. అవి అయ్యేసరికి పదకొండు దాటుతుంది. మధ్యాహ్నం భోజనం వేళకు వీలు దొరికితే ఆ చేను దాకా వెళ్ళి, ట్యాంకులో మొదటి గింజలు పడటం చూసి రావాలని ఉంది.