పక్క కుట్టు దగ్గర తేలిపోతుంది

బుధవారం, రాత్రి.

ఈరోజు పనంతా ఫుట్‌బాల్ జెర్సీల మీదే. బల్ల మీద రెండు నమూనాలు. ఒకటి కేటలాగ్‌లో ఉన్న టెంప్లేట్‌కి (ఎవరికైనా ఇచ్చే రెడీమేడ్ డిజైన్) క్లబ్బు రంగులు వేసింది, రెండోది "పూర్తిగా మీకోసమే" అంటూ వచ్చిన సొంత డిజైన్. ఎదురుగా పెట్టి చూస్తే రెండోదే ఠీవిగా ఉంది. తిరగేసి కుట్లు చూస్తే మాత్రం రెండూ ఒకే కటింగ్. చేతులు అవే, భుజం ముక్క అదే, చంక కింద జాలీ పట్టీ కూడా అదే. మారిందల్లా పైన అచ్చేసిన బొమ్మ.

ఇందులో మోసమేమీ లేదు. పెద్ద కంపెనీలు పెద్ద జట్లకు ఇచ్చేవీ చాలావరకు ఇలాంటివే. 2018 ప్రపంచ కప్పులో జనం ఎగబడిన నైజీరియా జెర్సీనే తీసుకోండి. ఆ ఈకల గీతలు, చేతుల మీద నలుపు తెలుపు వంకీలు వాళ్ల సొంతం. కటింగ్ మాత్రం ఆ ఏడాది నైకీ మిగతా దేశాలకూ ఇచ్చినదే. కటింగ్ నుంచే కొత్తగా ఆలోచించినవి అరుదు. 2009లో అంబ్రో కంపెనీ ఇంగ్లండ్‌కి చేసిన తెల్ల చొక్కా అలాంటిది. దాన్ని ఎస్, ఎమ్, ఎల్ అని కాకుండా కోటు అమ్మినట్టు ఛాతీ అంగుళాల లెక్కన అమ్మారు.

"టెంప్లేట్" అనే మాటను తిట్టులా వాడేవాళ్లను చూస్తే కొంచెం నవ్వొస్తుంది. 1988 యూరో (ఐరోపా దేశాల కప్పు) ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు వాన్ బాస్టెన్ గాల్లో ఉన్న బంతిని తన్ని ఆ పేరుమోసిన గోల్ కొట్టినప్పుడు ఒంటి మీదున్న నారింజ జెర్సీ అడిడాస్ టెంప్లేటే. ఇప్పుడు పాత జెర్సీలు పోగేసేవాళ్లకి అదంటే ప్రాణం. కాబట్టి టెంప్లేట్ అయినంత మాత్రాన చెడ్డదని కాదు. జట్టు గుర్తింపు టెంప్లేట్ గీతల్లో ఇమడనప్పుడే గొడవ. 2016 యూరోలో నైకీ టెంప్లేట్ చేతులకు వేరే ఛాయ, మేజోళ్లకు వేరే రంగు అడిగింది. అలా ఇంగ్లండ్ తెల్ల చొక్కా కింద ఎర్ర మేజోళ్లు తొడిగింది. 2021-22లో ప్యూమా చాలా క్లబ్బుల మూడో జెర్సీకి ఒకే టెంప్లేట్ వాడింది: ఛాతీ మీద క్లబ్బు పేరు పెద్దక్షరాల్లో, చిహ్నం బట్టలో కలిసిపోయి. జర్మన్ క్లబ్బు డోర్ట్‌మండ్ అభిమానులు భగ్గుమన్నారు, కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఒకే రంగు జెర్సీ వేసే క్లబ్బుకి టెంప్లేట్ బంగారంలా సరిపోతుంది. అసలు పరీక్ష చారల దగ్గర. ఇవాళ మధ్యాహ్నమంతా వాటికే పోయింది.

నిలువు చారలు ముందు. నడిమి చార సరిగ్గా గుండీల పట్టీ కిందకి రావాలంటే చారల లెక్క బేసిగా ఉండాలి. ఎస్ సైజులో ముందు ముక్క ఛాతీ వెడల్పు 48 సెం.మీ. అనుకుంటే 9 చారలకు ఒక్కోటి 5.3 సెం.మీ. వస్తుంది. అదే 3ఎక్స్‌ఎల్‌లో 64 సెం.మీ. అయితే ఒక్కోటి 7.1. చార వెడల్పు మార్చకుండా ఉంచితే పెద్ద సైజుల్లో అంచుల దగ్గర సగం చారలు తేలతాయి. సైజుతో పాటు పెంచితే, చిహ్నం అన్ని సైజుల్లోనూ ఒకటే కొలత కాబట్టి ఒకడి మీద చార దాటిపోతుంది, ఇంకొకడి మీద చారలోనే ఇమిడిపోతుంది. రంగు నూలుతో అల్లిన చారల బట్ట అయితే ఈ ఎంపికే లేదు, వెడల్పు అల్లిక యంత్రం మీదే ఖాయమైపోతుంది. అచ్చు పని అయితే సైజుకో డిజైన్ ఫైలు చేయాలి. నమూనా పంపిన వాళ్లు ఎమ్ సైజు ఫైలునే సాగదీసి అన్నిటికీ వాడారు. చిహ్నం కూడా సాగి గుడ్డులా అయింది!

అడ్డ చారలు ఇంకా మొండివి. ముందూ వెనకా పక్క కుట్టు దగ్గర కలవాలి. అర సెం.మీ. తేడా వచ్చినా మెట్టులా కనబడుతుంది. టెంప్లేట్లలో పక్కన సాదా పట్టీ ఉండటానికి ఒక కారణం ఇదే: చారలు కలపాల్సిన పనే ఉండదు. మెడ నుంచి చంకకు ఏటవాలుగా కుట్టే చేతులైతే (రాగ్లాన్ అంటారు) అడ్డ చార ఆ కుట్టు దగ్గర విరగక తప్పదు. అడ్డ చారల క్లబ్బు భుజం మీద కుట్టిన మామూలు చేతులే అడగాలి, బేరం లేదు.

కుట్టు కలవకపోవడానికి కటింగ్ మాస్టర్‌ని తిట్టేముందు వేడిని అనుమానించాలి. సబ్లిమేషన్ అనే ఈ అచ్చు పద్ధతిలో రంగు కాగితం నుంచి ఆవిరై పాలియెస్టర్‌లోకి దిగుతుంది, దానికి దాదాపు 200 డిగ్రీల వేడి, 45 నుంచి 60 సెకన్లు కావాలి. ఆ వేడికి బట్ట ముడుచుకుంటుంది, నిలువుకీ అడ్డానికీ ఒకేలా కాదు. అదే తాను నుంచి ముక్క తీసి 50 సెం.మీ. చదరం గీసి ప్రెస్ చేసి కొలవాలి. ఒక వైపు 49.4కి దిగితే ఫైలునీ కటింగ్ నమూనానీ ఆ వైపు 1.2 శాతం పెంచాలి. ఇంకో రెండు సంగతులు. ఈ పద్ధతిలో తెల్ల ఇంకు ఉండదు, కాబట్టి బట్ట తెల్లదే కావాలి, తెలుపు కావలసిన చోటు ఖాళీగా వదలాలి. కుట్టేశాక అచ్చేస్తే చంకల్లో, కుట్టు మడతల్లో తెల్ల గీతలు మిగులుతాయి. ముక్కలకు అచ్చేసి తర్వాత కుట్టడమే దారి.

టెంప్లేట్‌కి దాని జబ్బు దానికుంది. ముందే రంగద్దిన ఎర్ర జెర్సీ మీద తెల్ల అంకె అతికిస్తే, ప్రెస్ నుంచి తీసినప్పుడు మల్లెపూవులా ఉంటుంది. వేడి ఆరకుండానే దొంతర పెట్టి పెట్టెలో వేస్తే రెండు మూడు రోజులకు గులాబీ రంగు తేలుతుంది. బట్టలోని రంగు వేడికి ఆవిరై పైకి పాకడం వల్ల ఇది వస్తుంది. అడుగున రంగు ఆపే పొర ఉన్న అంకెలు తెప్పించాలి, 130 డిగ్రీల చుట్టుపక్కలే ప్రెస్ చేయాలి, పూర్తిగా చల్లారాకే మడవాలి. నమూనా చేతికి రాగానే సరేననకుండా నాలుగు రోజులు పక్కన పెట్టడం ఇందుకే.

మళ్లీ ఆర్డర్ సంగతి. టెంప్లేట్‌లో మధ్యలో చేరిన ఆటగాడికి ఒక్క జెర్సీ కొనుక్కోవచ్చు, ఆ సిరీస్ కేటలాగ్‌లో ఉన్నంతవరకు. సొంత డిజైన్‌లో తర్వాత వేయించిన ఒక్కటి ఛాయ తేడా కొట్టే ప్రమాదం ఎక్కువ. కాబట్టి మొదటి విడతలోనే అంకె లేనివి ఎల్, ఎక్స్‌ఎల్ రెండేసి అదనంగా వేయించాలి. రక్తం అంటిన జెర్సీతో రిఫరీ ఆడనివ్వడు, అప్పుడు అవే దిక్కు.

సాయంత్రం సొంత డిజైన్ ఫైలు వెనక్కి పంపాను, చేతుల మీది గళ్లు తీసెయ్యమని. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ ఆట నియమాల్లో 4వది, లోపల వేసుకునే చొక్కా చేతులు జెర్సీ చేతుల ప్రధాన రంగులోనే ఉండాలంటుంది, లేదా ఆ నమూనాకి అచ్చుగుద్దినట్టు సరిపోవాలంటుంది. నీలం, తెలుపు గళ్లు సమానంగా ఉన్న చేతికి ప్రధాన రంగు ఏదని ప్రతి మ్యాచ్‌కీ ఒక కొత్త రిఫరీతో వాదించాలి. చేతులు మొత్తం నీలం చేసి, గళ్లు కఫ్ మీద 3 సెం.మీ. పట్టీగా ఉంచమన్నాను. వెనక అంకె కింద కూడా చారలు ఆపి నీలం పలక పెట్టమన్నాను. అంకె ఎత్తు 28 సెం.మీ., పలక 34.