కొలతకు ముందు చేయి

"ఇక్కడ అంచనాలు చెప్పం, కొలిచి చెబుతాం." వర్క్‌షాపు పెద్ద మేస్త్రీ, అంటే మా మైస్టర్, ఈ మాట నాతో కారు యజమాని ఎదుటే అన్నారు. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. అయినా ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు.

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే వర్క్‌షాపులో నా ఉద్యోగం. ఆ రోజు వచ్చింది 1976 నాటి పోర్షే 911. కుడి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వెనుక భాగం బయటికి విసురుతోందని యజమాని చెప్పారు. నేను ఎడమ వెనుక మూలన రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాను. పైకి లేచేటప్పుడు బండి ఒక్క క్షణం తడబడింది, లోపల రబ్బరు నలిగిన చప్పుడు వినిపించింది. "ఎడమ వైపు బుష్ పోయింది" అన్నాను. బుష్ అంటే సస్పెన్షన్ కీలు దగ్గర ఉండే రబ్బరు తొడుగు. అందుకే ఆ మందలింపు.

ఈ కారు స్వభావం కొంచెం చెప్పాలి. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనబడిన 911కు 1990ల చివరి దాకా గాలితో చల్లబడే ఇంజనే ఉండేది. అది వెనుక ఇరుసుకు కూడా వెనకాల ఉంటుంది. వేగం అందుకునేటప్పుడు ఆ బరువు మేలే చేస్తుంది, వెనుక టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. మలుపులో భయపడి కాలు తీశారా, భారం ముందుకు జరిగి ఆ పట్టు సడలుతుంది, వెనుక భాగం బయటికి తిరిగిపోతుంది. తయారుచేసినవారికీ ఇది తెలుసు. తొలి కార్లలో కొన్నింటికి ముందు బంపర్ లోపల బరువులు పెట్టారు. 1969 మోడల్‌కు ఇరుసుల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెంచారు.

కొలిచాక తేలిందీ నేను చెప్పిందే. మరి బాధ ఎందుకు? నేను పని నేర్చుకున్నది చెవినీ చేతినీ నమ్ముకుని బతికే మెకానిక్‌ల దగ్గర. పరికరం కొనే స్తోమత లేనిచోట మనిషే పరికరం కావాలి. మనవాళ్ల చేతికి ఉన్న ఆ జ్ఞానాన్ని అంచనా అనేస్తే, నన్నొక్కడినే కాదు, నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పినవాళ్లందరినీ అన్నట్టు తోచింది. ఏళ్ల తరబడి వందల బండ్లను నొక్కి చూసిన చేయి చెప్పేది ఊహ కాదు. ఈ మాట మైస్టర్‌తో అనలేకపోయాను, ఇక్కడ అంటున్నాను.

అయితే ఆయన కొలిచే తీరు చూస్తూ నిలబడిపోయానన్నదీ నిజం. ఆ కారుకు వెనుక స్ప్రింగులు ఉండవు, మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు ఉంటాయి. వాటిని టార్షన్ బార్లంటారు. వెనుక కడ్డీ లోపలి కొసకు 40 పళ్లు, బయటి కొసకు 44. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు తిరుగుతుంది, బయట ఒక పన్ను వెనక్కి జరిపితే 8 డిగ్రీల పైచిలుకు. రెండూ కలిపి చేస్తే మిగిలే మార్పు ఒక డిగ్రీ కూడా ఉండదు. కారు ఎత్తును అంత సన్నగా సరిచేయడానికి రెండు కొసలకూ వేర్వేరు లెక్కన పళ్లు కోశారు!

కొత్త బుష్‌లు వేశాక నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టారు. టైర్లలో గాలి సరిచూసి, మలుపులో బండి ఒరగకుండా పట్టే యాంటీ రోల్ బార్ లింకులు విప్పి, డ్రైవర్ సీటులో యజమాని బరువుకు సరిపడా ఇసుక సంచులు ఉంచారు. ముందు ఒక మూలనూ, వెనుక దానికి ఐమూలగా ఉన్న మూలనూ కలిపిన బరువు, మిగిలిన రెండు మూలల మొత్తానికి వీలైనంత దగ్గరగా రావాలి. రాకపోతే కారు కుడికి ఒకలా, ఎడమకు మరోలా తిరుగుతుంది. ఒక మూల ఎత్తు మారిస్తే నాలుగు అంకెలూ మారతాయి. ఆయన విసుగు లేకుండా మళ్లీ మళ్లీ మార్చారు.

కారుకు ముందు 19, వెనుక 23 మిల్లీమీటర్ల మందం కడ్డీలు తీసి 21, 26 వేయమన్నారు యజమాని. మైస్టర్ వెంటనే ఒప్పుకోలేదు, ఇక్కడ నేను పూర్తిగా ఆయన పక్షం. కడ్డీ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే ముందు దాదాపు 50 శాతం, వెనుక 60 శాతం పైనే. వెనుక వైపు అంత ఎక్కువగా బిగిస్తే, వదిలించుకోవాలనుకున్న జబ్బునే పెంచినట్టు. పైగా కారు ఎత్తు తగ్గిస్తే స్టీరింగ్ కడ్డీల కోణం చెడి, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను పక్కకు తిరుగుతుంది. అప్పుడు ఆ కడ్డీలను కదిలించే స్టీరింగ్ ర్యాక్ కింద స్పేసర్ బిళ్లలు పెట్టి ఎత్తాలి. సస్పెన్షన్‌లో చేసే ఇలాంటి మార్పులను తనిఖీ సంస్థకు చూపించి బండి కాగితాల్లో ఎక్కించుకోవలసి రావచ్చు. 30 ఏళ్లు దాటిన బండ్లకిచ్చే హెచ్ నంబర్ ప్లేటు నిలవాలంటే మార్పులు కూడా ఆ కాలానికి తగ్గట్టు ఉండాలి. అరిగినవి మార్చి, అలైన్‌మెంట్ చేసి, కొన్నాళ్లు నడిపి చూశాకే కొత్తవాటి మాట అన్నారు మైస్టర్. యజమాని సరేనన్నారు.

ఇప్పుడు ప్రతి బండికీ కొలతల కాగితం పై అంచున, కొలవక ముందే, నా చేతికి తెలిసింది ఒక వాక్యంలో పెన్సిల్‌తో రాస్తున్నాను. మైస్టర్ చూసి ఇదేమిటని అడిగారు, చెప్పాను. "అయితే తేదీ, కిలోమీటర్ల రీడింగు కూడా వేయండి, తర్వాత పోల్చి చూద్దాం" అన్నారు. వేస్తున్నాను.