తొలి పేరు తెలియదు: హాలీవుడ్ నటుల యూనియన్ కార్డు కోసం నా పద్దెనిమిది నెలలు

నిన్న మధ్యాహ్నం తపాలాలో హాలీవుడ్ నటుల యూనియన్ అయిన సాగ్-ఆఫ్ట్రా సభ్యత్వ కార్డు వచ్చింది. దాని మీద ఉన్నది నా పేరేనా అని మూడుసార్లు చదువుకున్న తరువాతే మా ఆవిడకు చూపించాను. సినిమాల్లోనూ టెలివిజన్‌లోనూ చిన్న పాత్రలు వేసుకుంటూ బతకాలనుకునే నాబోటి వారికి ఈ కార్డు ఎంత అవసరమో తెలిసినవారికి నా సంతోషం అర్థమవుతుంది. దీనికోసం నేను పడ్డ పాట్లు మాత్రం నటనకు సంబంధించినవి కావు. అవన్నీ నా పేరుకు సంబంధించినవి.

నేను లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన ఉన్న ఇర్వైన్‌లో ఇరవై రెండేళ్లు డేటాబేసుల ఉద్యోగం చేశాను. 2022 చివర్లో ఉద్యోగం పోయేనాటికి నాకు యాభై ఏడేళ్లు. గుంటూరులో చదువుకునే రోజుల్లో పరిషత్తు నాటకాలు ఆడినవాణ్ణి, రెండుసార్లు సహాయ నటుడి బహుమతి అందుకున్నవాణ్ణి, ఇప్పటికీ మైకు లేకుండా చివరి వరుసకు వినిపించే గొంతు ఉన్నవాణ్ణి. ఈ వయసులో ఇదేం పిచ్చి అన్న బంధువులందరికీ నేను చెప్పిన సమాధానం జేమ్స్ హాంగ్. 1929లో మిన్నియాపొలిస్‌లో పుట్టిన ఆయన సివిల్ ఇంజినీరింగ్ చదివి, లాస్ ఏంజెలెస్ కౌంటీలో రోడ్ల ఇంజినీరుగా పనిచేస్తూనే నటన మొదలుపెట్టి, నాలుగు వందలకు పైగా పాత్రలు వేశారు. హాలీవుడ్‌లో ప్రముఖుల పేర్లతో నక్షత్రాలు పొదిగే కాలిబాట మీద ఆయన పేరిట నక్షత్రం పెట్టింది 2022లో, ఆయనకు తొంభై మూడో ఏట. నాకింకా బోలెడంత సమయం ఉంది.

ఫొటోలు ఒక పూటలో అయిపోయాయి. 1925 నుంచి చిత్రాలకు జనాన్ని సమకూరుస్తున్న సెంట్రల్ కాస్టింగ్ వారి బర్బాంక్ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవడం కూడా సులువే. ఇక్కడ పనిచేసే అర్హతను రుజువు చేసే ఐ-9 ఫారానికి గుర్తింపు పత్రాల అసలు ప్రతులు పట్టుకువెళ్లాలి, నకళ్లు చెల్లవు. మన దగ్గర జూనియర్ ఆర్టిస్టులు అంటాం, ఇక్కడ వారిని బ్యాక్‌గ్రౌండ్ అంటారు. యూనియన్‌లో లేనివారికి ఇచ్చేది దాదాపు కనీస వేతనమే, 2023లో అది కాలిఫోర్నియాలో గంటకు 15.50 డాలర్లు. ఆసుపత్రి వరండాలో నడిచాను, విమానాశ్రయంలో పెట్టె లాగాను, ఎవరిదో అంత్యక్రియల్లో తలవంచుకుని నిలబడ్డాను.

ఈ మధ్యలోనే ఒక మేనేజరు తగిలి, నాకు వారంలో నాలుగు ఆడిషన్లు తెప్పిస్తానని చెప్పి ‘ప్యాకేజీ’ కింద ఎనిమిది వందల డాలర్లు ముందుగా పట్టుకుపోయాడు. నటులకు పని చూపిస్తామంటూ ముందస్తు రుసుము వసూలు చేయడాన్ని కాలిఫోర్నియాలో 2010 నుంచి చట్టమే నిషేధించిందని నాకు తరువాత తెలిసింది. ఏజెంటు అనేవాడు మనకు పని వచ్చాక అందులో పదో వంతు తీసుకుంటాడు, ముందు తీసుకునేవాడు ఏజెంటు కాడు. ఆ ఎనిమిది వందలు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

2023 ఏప్రిల్‌లో అదృష్టం పట్టింది. ఒక టెలివిజన్ ధారావాహికలో మందుల దుకాణం దృశ్యానికి నన్ను తెల్లకోటు వేసి కౌంటరు వెనక నిలబెట్టారు. కథానాయకుడు చీటీ చాచినప్పుడు అవతలి నుంచి మాట రాకపోతే వెలితిగా ఉందని దర్శకుడికి అనిపించి, నా వైపు చూసి, మీ బీమా దీనికి వర్తించదండీ అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం చెప్పమన్నాడు. మూడు టేకుల్లో ముగించాను, ఆ మూడూ నా తప్పు వల్ల తీసినవి కావు. స్క్రిప్టులో లేని మాటను సెట్టు మీదే ఇస్తే ఆ బ్యాక్‌గ్రౌండ్ మనిషిని నటుడి స్థాయికి పెంచాలి. అలా ఆ రోజుకు నా కూలి 1,082 డాలర్లయింది. అంతకన్నా ముఖ్యంగా, యూనియన్‌లో లేనివాణ్ణి మాట ఉన్న పాత్రకు తీసుకున్నందుకు నిర్మాణ సంస్థ పదిహేను రోజుల్లోగా యూనియన్‌కు టాఫ్ట్-హార్ట్లీ నివేదిక పంపాలి. 1947 నాటి కార్మిక చట్టం పేరే దానికి వాడుకలో ఉంది. ఆ నివేదిక చేరితే సభ్యత్వానికి అర్హత వచ్చినట్లే. ఇక పదిహేను రోజులే కదా అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

ఇక్కడ నా పేరు గురించి చెప్పాలి. నా పాత భారతీయ పాస్‌పోర్టులో పాలపర్తి వేంకట సూర్యనారాయణ అని మొత్తం ఒకే గడిలో రాసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఇలాంటి వారి పేరంతా ఇంటిపేరు కిందికి చేర్చి, తొలి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు వేస్తారు. తొలి పేరు తెలియదు అని దాని అర్థం. నా గ్రీన్‌కార్డు మీదా అదే దిగింది. ఆఫీసులో ఇన్నేళ్లూ అందరూ నన్ను నారాయణ అనే పిలిచారు కనుక ఆ మూడక్షరాల సంగతి నేను పట్టించుకోలేదు. సెట్టు మీద మాత్రం సహాయ దర్శకుడు వాకీటాకీలో ‘ఫ్నూ ఎక్కడ, ఫ్నూను పంపండి’ అని అరిచినప్పుడు, పక్కనున్న వారితో పాటు నేను కూడా ఎవరా ఫ్నూ అని చుట్టూ చూశాను.

జూన్‌లో యూనియన్‌ను సంప్రదిస్తే నా పేరిట ఏ నివేదికా లేదన్నారు. ఆరా తీయగా తేలినది ఇది. నిర్మాణ సంస్థలో ఎవరో తెలివైనవారు ఎఫ్‌ఎన్‌యూ అనే పొట్టి అక్షరాలను విడదీసి, నివేదికలో నా తొలి పేరును ‘అన్‌నోన్’ అని రాశారు. జీతపు చీటీ మీద తొలి పేరు ఫ్నూ, ఇంటిపేరు గడి చాలక ‘పాలపర్తి వెం’ దగ్గర తెగిపోయింది. ఒప్పందం మీద నేను సంతకం చేసినది నారాయణ పాలపర్తి అని. సోషల్ సెక్యూరిటీ నంబరుతోనైనా పోల్చుకోవచ్చు కదా అంటే, నేను చేత్తో రాసిన ఏడును వాళ్లు ఒకటిగా చదివారు. ఆ ఒక్క తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు ఉన్నప్పుడు, నిర్మాణ సంస్థ నుంచి సరిదిద్దిన నివేదిక తెమ్మని యూనియన్ అడగడంలో అన్యాయం లేదు.

కానీ తేవడానికి ఆ సంస్థ ఉండాలి కదా. ఇక్కడ ప్రతి ధారావాహికకూ విడిగా ఒక చిన్న కంపెనీ పెట్టి, చిత్రీకరణ ఆగగానే కార్యాలయం ఎత్తేస్తారు. మే 2న రచయితల సమ్మె మొదలైంది, ఆ ఆఫీసు తలుపు మూసేశారు. జూలై 14న నటుల సమ్మె. అది 118 రోజులు సాగి నవంబరు 9న ముగిసింది. ఆ సమ్మె కాలంలో పికెట్ల దగ్గరకు నీళ్ల సీసాలు పట్టుకువెళ్లినప్పుడు ఒక పెద్దావిడ చెప్పింది: యూనియన్ ఆరోగ్య బీమా రావాలంటే ఏడాదికి 26,470 డాలర్లు సంపాదించాలట, సభ్యుల్లో అత్యధికులు అంత కూడా సంపాదించలేరట. ముప్పై ఏళ్లుగా ఆమె ముఖాన్ని నేను తెర మీద చూస్తున్నాను. ఆమె పేరు మాత్రం అప్పటిదాకా నాకు తెలియదు. మీ పేరేమిటి అనే అడగకూడని ప్రశ్న నేనే అడిగి తెలుసుకున్నాను.

2024 జనవరిలో ఆఫీసు మళ్లీ తెరుచుకుంది. అక్కడ ఫోను ఎత్తిన కుర్రవాడికి నా కథంతా నెమ్మదిగా చెప్పాను. అన్నీ విని, ‘మీ తొలి పేరేమిటి?’ అన్నాడు. ఎఫ్‌ఎన్‌యూ అని ఉంటుంది, అది పేరు కాదు అన్నాను. ‘అంటే మీ తొలి పేరు మీకే తెలియదా?’ అన్నాడు. మా వైపు ఇంటిపేరు ముందు వస్తుందని, తరువాత తాతగారి పేరు పెడతారని, సూర్యనారాయణ అనేది ఒకే పేరని, దాన్ని రెండుగా విరవకూడదని వివరిస్తుంటే, ‘ఒక్క నిమిషం’ అని ఫోను పక్కన పెట్టాడు. పెట్టినవాడు శబ్దం ఆపడం మరిచాడు. తనకు తన పేరు తెలియని మనిషి మళ్లీ ఫోను చేశాడని అతడు ఎవరికో చెప్పడం, ఇద్దరు ముగ్గురు నవ్వడం నాకు స్పష్టంగా వినిపించింది. 1999లో వచ్చిన ‘ఆఫీస్ స్పేస్’ చిత్రంలో అజయ్ నాయుడు వేసిన సమీర్ పాత్ర ఇంటిపేరు ఎవరికీ పలకడం రాకపోవడమే ఒక హాస్యం. ఆ సినిమా చూసి నేనూ కడుపుబ్బ నవ్వినవాణ్ణే. ఆ రోజు మాత్రం ఫోను పెట్టేసి, కారులో కూర్చుని, పావుగంట సేపు ఇంట్లోకి వెళ్లలేదు.

ఈ ముడిని విప్పినది అదే ఆఫీసు లెక్కల విభాగంలోని ఒక పెద్దావిడ. ఆమె నన్ను పేరు అడగలేదు. ఏ రోజు, ఏ దృశ్యం, తెల్లకోటు వేసుకున్నది మీరేనా అని మాత్రమే అడిగి, ఆనాటి కాగితాలు తీసి, ఒకటిని ఏడుగా మార్చి, ఈ ముగ్గురూ ఒకరే అని రాసి మే నెలలో నివేదిక మళ్లీ పంపింది. కాబట్టి నా సలహా ఒకటే: ఆఫీసుల్లో ముందు బల్ల దగ్గర కూర్చున్నవాడితో వాదించకండి, లెక్కలు చూసేవారు ఎవరో కనుక్కోండి.

అర్హత వచ్చినా, ఆ ముక్కల పేరుతో చేరడానికి మనసొప్పలేదు. 2023 వేసవిలోనే పౌరసత్వానికి 725 డాలర్లు కట్టి దరఖాస్తు చేసి ఉన్నాను. ఆ దరఖాస్తులోనే పేరు మార్చమని కోరవచ్చు, న్యాయమూర్తి ఎదుట ప్రమాణ స్వీకారం జరిగితే అక్కడే ఉత్తర్వు ఇస్తారు. ఆగస్టులో అలాగే జరిగింది. నా తొలి పేరు సూర్యనారాయణ, ఇంటిపేరు పాలపర్తి అని తేల్చి చెప్పడానికి అమెరికా న్యాయస్థానం కావలసి వచ్చింది.

ఇక తెరపేరు. సభ్యుల్లో ఒకరికి ఉన్న పేరు మరొకరు పెట్టుకోకూడదని యూనియన్ నియమం. మైకేల్ కీటన్ అసలు పేరు మైకేల్ డగ్లస్, ఆ పేరు అప్పటికే వేరొకరిది. మైకేల్ ఫాక్స్ అనే నటుడు ముందే ఉండటంతో, మైకేల్ జె. పొలార్డ్ అనే క్యారెక్టర్ నటుడి మీద గౌరవంతో ఆయన పేరులోని ‘జె’ను అరువు తెచ్చుకున్నాడు మైకేల్ జె. ఫాక్స్. మా మేనల్లుడు నన్ను ‘నేట్ పాల్’ అని పెట్టుకో మామయ్యా, పలకడానికి తేలిక అన్నాడు. వాడితో వారం రోజులు మాట్లాడలేదు. సూర్యనారాయణ పాలపర్తి అనే రాశాను. ఆ పేరుకు పోటీ ఎవరూ లేరు. ప్రవేశ రుసుము మూడు వేల డాలర్లు, దాని మీద ఆరునెలల చందా కట్టాను.

కార్డుతో పాటే నిన్న మరో కవరు వచ్చింది. ఆ మందుల దుకాణం దృశ్యం పునఃప్రసారానికి నా మొదటి రెసిడ్యువల్ చెక్కు, 37 డాలర్ల 16 సెంట్లు. దాని మీద పేరు ఫ్నూ పాలపర్తి వెం. ఆ పేరు రుజువు చేసే ఒకే ఒక్క పత్రం నా గ్రీన్‌కార్డు, దాన్ని ప్రమాణ స్వీకారం రోజున వెనక్కి తీసేసుకున్నారు. కోర్టు ఉత్తర్వు నకలు పట్టుకుని సోమవారం బ్యాంకుకు వెళ్తున్నాను.