పెద్దమ్మది బోదకాలు కాదు

2020 అక్టోబరులో ఒడిశాలోని బరంపురం వెళ్లి, కోవిడ్ రోగుల చికిత్స కోసం ప్లాస్మా, అంటే రక్తంలోని పసుపు ద్రవం, ఇచ్చాను. నాకు కోవిడ్ తగ్గి నెల దాటింది. ఇచ్చేముందు చాలా అడిగారు. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బుందా అన్నదీ అందులో ఒకటి. ఒడియాలోనే అడిగారు, బాగానే అర్థమైంది. లేదన్నాను. మాకు తెలిసింది అంతే మరి.

గంటకు పైగా కదలకుండా పడుకున్నాను. చేతినుంచి ఎర్రగా వెళ్లిన రక్తం, సంచిలోకి మాత్రం పప్పుకట్టు రంగులో దిగుతోంది. ఎర్రకణాలు తిరిగి నాకే వస్తాయి. మధ్యలో పెదాలు చిమచిమలాడాయి. యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల ఒంట్లో కాల్షియం కాసేపు తగ్గుతుందట. మాత్ర ఇచ్చారు, సర్దుకుంది. తిరుగు బస్సులో ఎక్కడ దిగాల్సివస్తుందోనని పర్లాకిమిడి వచ్చేదాకా నీళ్లు కూడా తాగలేదు.

మూడోరోజుకి ఎడమ పిక్క రాయిలా బిగుసుకుంది. నొక్కితే గుంట పడుతోంది. అమ్మ చూసి, "బోదకాలేమోరా నాయనా, పెద్దమ్మకీ ఇలాగే మొదలైంది" అంది. మా వైపు కాలు వాస్తే ముందు వచ్చే మాట అదే.

పాతపట్నం డాక్టరు మాత్రం వెంటనే శ్రీకాకుళం పంపించారు. డాప్లర్‌లో, అంటే రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్‌లో, మోకాలి వెనక సిరలో రక్తపు గడ్డ కనబడింది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందన్నారు. పొట్టలో ఇంజెక్షన్లు, ఆ తర్వాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ లెక్క 2, 3 మధ్య ఉండాలి. ఆకుకూరలు ఆ మందు పనిని తగ్గిస్తాయని అమ్మ తోటకూర పూర్తిగా మానిపించబోతే, మానక్కర్లేదు, రోజూ ఒకేలా తినమన్నారు. అప్పట్నుంచి గిన్నె కొలతే.

అక్కడా అదే ప్రశ్న, ఇంట్లో ఎవరికైనా గడ్డకట్టే జబ్బుందా అని. ఈసారి అమ్మ పెద్దమ్మ సంగతి చెప్పింది. రెండో పురిట్లో రెండు రోజుల్లో ఒక్క కాలే వాచింది, తర్వాత చీలమండ దగ్గర చర్మం నల్లబడింది. డాక్టరు రాసుకోవడం ఆపి తలెత్తారు.

ఇంటి జబ్బేమో చూడటానికి రక్తపరీక్ష చేయాలన్నారు. వార్ఫరిన్ మీద ఉండగా అది సరిగా తేలదని, మాత్ర ఆపించి కొన్ని వారాలాగి చేశారు. ప్రొటీన్ ఎస్ తక్కువ. రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసేది అదేనట. సియాటెల్‌లో కనిపెట్టారు కాబట్టి ఆ ఎస్. ప్లాస్మా వల్లే వచ్చిందా అంటే డాక్టరు ఒప్పుకోలేదు. కోవిడ్, బస్సు ప్రయాణం, నీళ్లు తాగకపోవడం, అన్నీ ఉన్నాయన్నారు. అయినా ఉన్న కాస్త ప్రొటీన్‌లో కొంత ఆ సంచిలోకే పోయింది కదా, ఇక జన్మలో ప్లాస్మా ఇవ్వొద్దన్నారు. 2021 మేలో కోవిడ్ చికిత్సలోంచి ప్లాస్మానే తీసేశారు, అది వేరే సంగతి.

పెద్దమ్మకీ చేయించాం. ఆవిడకీ తక్కువే. రిపోర్టు పక్కన పెట్టేసి, "మరి ఇన్నేళ్లూ నాచేత ఆ బోదకాలు మాత్రలు ఎందుకు మింగించార్రా?" అంది.